బండకు అవతలి కొస

తాండూరు,
8 జనవరి 1962

అన్న మొగులప్పకు భాగమ్మ రాయునది.

అక్కడ నువ్వు, వదిన, పిల్లలు బాగున్నారని తలుస్తాను. మీ బావ సంగతి క్రిస్మస్‌కు నువ్వు చూసి పోయినట్టే ఉంది. కుడిపక్క పడిపోయింది, నోట మాట లేదు. ఎడమ చెయ్యి ఒక్కటే ఆడుతుంది.

ఒక సంగతి నీతో చెప్పకుండా ఉండలేకపోతున్నాను. మంచాన పడిన నాటి నుంచి ఆయన తెల్లవారగానే వాకిలి వైపు చూసి మూలుగుతున్నాడు. నీళ్ళా అంటే కాదు, దుప్పటా అంటే కాదు. చివరికి నాకు తట్టింది. మలయా నుంచి వచ్చిన తర్వాత ఆయన ఒక్క పొద్దు కూడా మానకుండా వాకిట్లో చేసేది ఇప్పుడు ఆగిపోయింది గదా, అదే ఆ బాధ.

నీకు ఎరుకే. నిజాం పల్టన్‌లో పోయి జపానువాళ్ళకు ఖైదీగా చిక్కినప్పుడు, ఒకినావా దీవి నుంచి వచ్చిన కాపలావాడొకడు ఆయనకు కరాటే నేర్పాడు. వట్టి చేతులతో కొట్లాడే విద్య అది. అందులో ఒక్కో పాఠాన్ని కటా అంటారు, ఈయన చేసేది మొదటిది. ఎదుట మనిషి లేకున్నా ఉన్నట్టు తలచి, వరుస తప్పకుండా దెబ్బ కాచుకోవాలి, దెబ్బ వెయ్యాలి. వాకిట్లో పరిచిన పెద్ద బండ మీద నిలబడి, ఎదుటికి వంగి మొదలుపెట్టేవాడు. వాకిలంతా తిరిగి మళ్ళీ అదే బండ మీదికి, అవే అడుగుల్లోకి వచ్చి, ఇంకోసారి వంగి ముగించేవాడు. ఏండ్ల తరబడి నిలబడీ నిలబడీ ఆ బండకు మడమల గుంటలు పడ్డాయి.

జొన్నరొట్టెలు కొడుతూ కంటితో చూసిందే గాని నేను నేర్చింది కాదు. అయినా చీర కుచ్చిళ్ళు వెనక్కి దోపుకుని ఆ గుంటల్లో పాదాలు పెట్టాను. నేను తప్పు చేస్తే మీ బావ ఎడమ చేతి కణుపుతో మంచం పట్టె మీద కొడతాడు. మోకాలు చాలినంత వంచకుంటే కొడతాడు. పిడికిలి నడుము దగ్గరికి గుంజుకోకుంటే కొడతాడు. దిద్దుకున్నాక కొట్టడు. ఆ పూట గంజి సుఖంగా తాగుతాడు.

పక్కింటి లక్ష్మమ్మ గోడ మీది నుంచి చూసి, "మొగనికి పచ్చవాతమొస్తే పెండ్లానికి పూనకమొచ్చిందే!" అని నవ్వుతుంది. నవ్వనీ. ఇది మన విశ్వాసానికి తప్పా అన్నా? నువ్వు వాక్యం చదివినవాడివి, చెప్పు.

నీ చెల్లె
భాగమ్మ


వికారాబాదు,
15 జనవరి 1962

గొర్రెపిల్ల రక్తంతో కొనబడిన చెల్లెలికి, సైతాను కంట్లో కారం కొట్టే మొగులప్ప వందనాలు.

నీ ఉత్తరం రైలు పట్టాల మీద పనిలో ఉండగా అందింది. చదివి సుత్తె కింద పెట్టేశాను. మా మేస్త్రీ శివయ్య, "ఏమైందే, ఎవలన్న పోయిండ్రా?" అన్నాడు. "పోలేదు, పోయేటట్టున్నరు, నరకానికి" అన్నాను.

భాగమ్మా! ఎవరికి వంగుతున్నావు? సీనాయి కొండ మీద అగ్నిలో నుంచి దేవుడు పలికిన మాట మరిచావా? నా ఎదుట వేరొకడు ఉండకూడదన్నాడు ఆయన. నీ ఎదుట ఎవడున్నాడు? ఎవడూ లేడంటావు. లేనివాడికి వంగడమే కదా విగ్రహారాధన! విగ్రహానికైనా రాయో రప్పో ఉంటుంది, నీది అంతకన్న అన్యాయం. దానియేలు స్నేహితులు ముగ్గురు కొలిమిలోకి నడిచారు గాని నడుము వంచలేదు. నేనూ ఎవడికీ వంచను. క్రిస్మస్ కూటంలో మీ సంఘపెద్ద చెన్నయ్య, "నీకు బోధకుడి పట్టా లేదు, కూసో" అన్నప్పుడు కూడా నిలబడే ప్రసంగించాను. నాకు పట్టా ఇచ్చింది మనుషులు కారు. చిరిగిన సువార్త కాగితం ముందు పెట్టుకుని, రైలు దీపం కింద అక్షరాలు కూడబలుక్కున్నవాణ్ణి నేను.

అయితే బావ మనసు నొప్పించమని నేను అనను. శరీర సాధన కొంచెమే ప్రయోజనం అన్నాడు పౌలు, బొత్తిగా లేదనలేదు. కాబట్టి చేతులు ఆడించు, కాళ్ళు ఆడించు. కాని వంగడం మాను. మొదటా వద్దు, చివరా వద్దు. ఇది నా మాట కాదు, వాక్యం.

ఇక్కడ స్టేషను వెనక నా ప్రార్థన పాకకు తాటాకు వేయించాను. నిలబడి మాట్లాడడానికి ఒక ఎత్తు కావాలి. మీ ఊళ్ళో మంచి బండ దొరికితే చూసి ఉంచు.

సత్యం కోసం గొంతు చించుకునే నీ అన్న
మొగులప్ప


తాండూరు,
11 ఫిబ్రవరి 1962

అన్నకు,

మొదట వంగడం అలవాటు కొద్దీ ఇంకా మానలేదు గాని, నువ్వు చెప్పినట్టే చివర వంగడం మానేశాను. ఆ నాటి నుంచి ఇంట్లో నెమ్మది లేదు.

కటా ఇప్పుడు నాకు బాగా వచ్చింది. నడుమ ఎక్కడా మీ బావ పట్టె మీద కొట్టడు. బండ మీదికి తిరిగొచ్చి, చేతులు దించి, వంగకుండా నిలబడతాను. అప్పుడు మొదలవుతుంది. టక్, టక్, టక్. మోకాలు దిద్దుకున్నాను, భుజం దిద్దుకున్నాను, ఆగడు. చెయ్యి పట్టుకుంటే నా చేతిలోనే కొట్టుకుంటుంది. అదీ కాక ఆయన చూపు నా మీద ఉండదు. నాకు ఎదురుగా, కొంచెం ఎడంగా, మనిషి ఎత్తున ఉంటుంది.

మా వాకిలంతా బండల మిల్లు నుంచి ఎగిరివచ్చే తెల్లపొడి పరుచుకుంటుందని నీకు తెలుసు. పొద్దున ఊడ్చినా గడియలోనే మళ్ళీ కమ్ముకుంటుంది. మొన్న కటా అయ్యాక చూస్తే నా అడుగులకు ఎదురుగా, నా వైపు తిరిగి ఇంకో రెండు అడుగులున్నాయి. వచ్చిన జాడ లేదు, పోయిన జాడ లేదు. లక్ష్మమ్మ పని అనుకుని, "గోడ దుంకి నా వాకిట్ల నిలవడుడేంది?" అని అరిచాను. ఆమె ఏడ్చినంత పని చేసింది. "నా కాళ్ళు జూడు, అయ్యి మొగోని కాళ్ళు" అంది. నిజమే. ఆ ఎడమ పాదానికి చిటికెన వేలు లేదు. ఊడ్చేశాను. తెల్లారి అవే, అక్కడే.

అన్నా, నయమాను అనే సేనాపతి తన రాజుతో గుడికి పోయి వంగవలసి వస్తుందని చెప్పుకుంటే, ఎలీషా ప్రవక్త తిట్టకుండా నెమ్మదిగా పొమ్మన్నాడు గదా. బడిలో దొరసాని చెప్పింది నాకు ఇంకా యాదికుంది. నన్నూ అట్లా పొమ్మంటావా? జవాబు త్వరగా రాయి. ఆయన గంజి ముట్టడం లేదు.

భాగమ్మ


వికారాబాదు,
16 ఫిబ్రవరి 1962

చెల్లే,

నయమాను నా ముందుకు తేకు! అతడు అన్యుడు, కొత్తగా నమ్మినవాడు. నువ్వు మూడు తరాల క్రైస్తవురాలివి.

ఊడ్చి అలంకరించిన ఇల్లు ఖాళీగా ఉంటే, వెళ్ళిపోయిన దయ్యం ఏడుగురిని వెంటబెట్టుకుని వస్తుందని ప్రభువు ముందే చెప్పాడు. నీ వాకిట్లో జరిగేది అదే. పట్టె మీద కొట్టేది బావ చెయ్యి కాదు. వాకిట్లో అడుగుల మాట రాగానే నా రక్తం ఉడికింది, ఆ ముక్క చదవకుండా దాటి ఆఖరు మాత్రం చూశాను. శనివారం పాసింజరుకు వస్తున్నాను. ఆ బండ సంగతి నేను చూస్తాను.

మొగులప్ప


తాండూరు,
4 మార్చి 1962

మొగులప్ప అన్నకు,

నువ్వు పోయిన తర్వాత వారం రోజులు కలం పట్టలేదు. పట్టి ఉంటే పాపపు మాటలు రాసేదాన్ని.

వచ్చావు. వాకిట్లో నిలబడి వాడకట్టంతా వినేటట్టు గద్దించావు. "ఇక్కడ నిలిచినవాడా, ఈ ఇల్లు విడువు, ఈ బండతో పాటు లేచి పో!" అన్నావు. తర్వాత గడ్డపారతో మీ బావ బండను పెకిలించావు. అంత బరువు బండను నలుగురు కూలీలతో స్టేషనుకు మోయించి, నీ పాకలో మెట్టు వేసుకుంటానని పట్టుకుపోయావు. మంచంలో ఆయన ఏడ్చింది నువ్వు చూడలేదు. నేను చూశాను.

ఇప్పుడు పట్టె మీద చప్పుడు లేదు. నీ ప్రార్థన గెలిచిందని అనుకోకు. ఆ చెయ్యి చద్దన్నం ముద్దలా పడి ఉంటుంది. పొద్దున వాకిట్లోకి చూస్తాడు, ఎవరినో వెతుకుతాడు, కనబడక కళ్ళు మూసుకుంటాడు. డాక్టరు, "ప్రాణం పోవాలె, పోతలేదు. దేన్నో పట్టుకొని ఉన్నడు" అన్నాడు.

ఆ చిటికెన వేలు నా తలలో నుంచి పోక, పెద్దేముల్‌లో మొగులమ్మ దగ్గరికి పోయాను. ఆమె కొడుకు నర్సప్ప మీ బావతో కలిసే పల్టన్‌కు పోయాడు, తిరిగి రాలేదు. వేలి మాట ఎత్తగానే ముసలామె నా చెయ్యి పట్టుకుంది. "చిన్నప్పుడు బండి చక్రం కింద వోయింది బిడ్డా. ఎవల్ జెప్పిన్రు నీకు?" అంది. ఖైదు రోజుల మాట అడిగాను. తర్వాత ఆమే చెప్పింది. ఖైదులో వాళ్ళిద్దరూ ఎదురెదురుగా నిలబడి కటా చేసేవారట. ఒకరికొకరు వంగి మొదలుపెట్టాలి, ఒకరికొకరు వంగి ముగించాలి. ముగించకుండా ఎదుటివాణ్ణి విడిచి పోరాదు, అది కాపలావాడు పెట్టిన నియమం. ఒక పొద్దున కటా నడుమ సిపాయిలు వచ్చి నర్సప్పను రైలుపట్టాల పనికి తోలుకుపోయారు. మళ్ళీ కనబడలేదు. ఏ అడవిలో పడేశారో, మన్ను కూడా కప్పారో లేదో. మీ బావ తిరిగొచ్చి ఈ సంగతంతా ఆ తల్లికి చెప్పి, ఆఖరున ఒక మాట అన్నాడట. "నీ కొడుకుకు పొద్దుగాల రమ్మని వంగుత, పొమ్మని వంగుత. ఉత్తగ నిలవెట్టనమ్మా."

అన్నా, నేను రమ్మని వంగాను. పొమ్మని వంగలేదు. నువ్వు వద్దన్నావు.

భాగమ్మ


వికారాబాదు,
19 మార్చి 1962

ప్రియమైన చెల్లెలికి,

నీ కోపం చదివాను. దావీదు పాపం తీసినవాడు నా కోపమూ తీశాడు, కనుక బదులు కోపం రాయను.

బండ పాకలో బాగా అమరింది. దాని మీద నిలబడితే నా గొంతు స్టేషను దాకా పోతుందని శివయ్య కూడా ఒప్పుకున్నాడు. జనం పెరుగుతున్నారు. అయితే ఒక చిన్న ఇబ్బంది. బండకు ఎదురుగా చాప మీద ముందు వరసలో ఎవరూ కూర్చోవడం లేదు. వెనక ఒకరి మీద ఒకరు ఒరుగుతారు గాని ముందుకు రారు. పోయిన ఆదివారం, "యాదమ్మా, ముందర జాగ ఉంది గదా, రా!" అని గట్టిగా పిలిచాను. ఆ ముసలామె నా వైపు వింతగా చూసింది. "గాడ ఒక మనిషి నిలవడ్డడు గదయ్యా. ఆయన్ని కూసోమను, మేం వస్తం" అంది. పిల్లలు నవ్వలేదు. నేను పాట ఎత్తుకున్నాను.

ఇంకొకటి. మీ వదిన పాకలో నేల అలికి తడిక మూసి వచ్చింది. పొద్దెక్కాక నేనే తీశాను. తడి అలుకు మీద పాదాల గుర్తులున్నాయి. బండ వైపు తిరిగి ఉన్నాయి. ఇది మా ఊరి అల్లరి పోరగాళ్ళ పని, సందేహం లేదు. వాళ్ళ పేర్లు నాకు తెలుసు. ఆ ఆదివారం, చచ్చినవాణ్ణి పైకి రప్పించిన ఏన్దోరు మంత్రగత్తె మీద నిప్పులు కక్కాను. ప్రసంగం నడుమ వాక్యం తప్పాను. ఎవరో నా మాట అయ్యేదాకా ఓపికగా ఎదురు చూస్తున్నట్టు అనిపించింది. మందలో మనిషి వినడం వేరు. ఇది వేరు.

నీ ఫిబ్రవరి ఉత్తరంలో అడుగుల సంగతి చదవకుండా దాటేశానని చెప్పాను కదా. నిన్న పెట్టె తీసి చదివాను. ఏ పాదం అన్నావు? ఎడమదేనా? మళ్ళీ ఒకసారి సరిగా రాయి.

మొగులప్ప


తాండూరు,
27 మార్చి 1962

అన్నా,

ఎడమదే.

నువ్వు ఆ ఉత్తరం అందుకున్న నాడే అంతా చదివి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు. పోనీ. బండతో పాటు లేచి పొమ్మన్నావు, నీ మాట విని పోయాడు. నేను ఇక్కడ ఉత్త వాకిట్లో వంగి చూశాను. గాలికి వంగినట్టే ఉంది, ఎవరూ లేరు. ఎదుటివాడు నీ దగ్గర ఉన్నాడు. నువ్వే ముగించాలి. కటా అంతా సరిగా చేసి వంగితేనే అది ముగింపు, ఉత్తగా వంగితే కాదు. కాబట్టి నేర్చుకో.

మడమల గుంటలు నీ పాదాలకు దారి చూపుతాయి. ఎదుటికి చూసి, చేతులు తొడలకు ఆనించి వంగు. తల దించినా కళ్ళు పూర్తిగా దించకు. తర్వాత ఎడమకు తిరిగి, మోకాలు ముందుకు వంచి, నీ మీదికి వచ్చే తన్నును ముంజేతితో కిందికి నెట్టెయ్యి. అడుగు వేసి గుద్దు. వెనక్కి మొత్తం తిరిగి కుడిపక్క కూడా అదే. అప్పుడు ఎదుటికి తిరిగి నెట్టు, నడుస్తూ గుద్దుకుంటూ పో. ఆఖరి గుద్దుకు కడుపులో నుంచి కేక వెయ్యి. కేక నీకు చెప్పే పని లేదు. అక్కడ నుంచి వీపు వైపుగా తిరగాలి. రొమ్ము వైపుగా తిరిగితే తప్పు, అందరూ అక్కడే తప్పుతారు. అటు కొసనా రెండు పక్కలా కాచుకుని, పోయినట్టే గుద్దుకుంటూ వెనక్కి వచ్చి, బండ దగ్గర మళ్ళీ రెండు పక్కలూ చూసుకో. సరిగా చేస్తే పాదాలు గుంటల్లోనే పడతాయి. పడకపోతే మళ్ళీ మొదటి నుంచి.

నీ బలం చూపించకు. అతను నీ శత్రువు కాదు. జతగాడు.

మీ బావ ఊపిరి పైపైనే ఆడుతున్నది. జల్ది చెయ్యి.

భాగమ్మ


వికారాబాదు,
24 ఏప్రిల్ 1962

చెల్లెలు భాగమ్మకు,

పాకలో కూర్చునే ఇది రాస్తున్నాను.

ముందు ఎగతాళికి నేర్చుకున్నాను, తర్వాత భయానికి. రొమ్ము వైపుగానే తిరిగి తడికను గుద్దుకున్నాను. కేక వేస్తే శివయ్య పరుగెత్తి వచ్చి, "ఏం పామా?" అన్నాడు. రెండోసారి బండకు జానెడు ఎడంగా వచ్చి ఆగాను. నా పొట్ట నా మోకాలికి అడ్డం. అనేక ఉదయాలు అలాగే గడిచాయి. ఒక్కటి చెబుతాను. నేను తప్పు చేసినప్పుడల్లా, ఎక్కడి నుంచో గాని, కట్టె మీద కణుపుతో కొట్టినట్టు చప్పుడు వినబడేది. పాకలో మంచం లేదు, భాగమ్మా.

అన్నీ సరిపడ్డాక కూడా నడుము వంగలేదు. కొలిమి ముందు నిలిచిన ముగ్గురూ నన్ను పట్టుకున్నారు. నిన్న ఆదికాండం తెరిచాను. అబ్రాహాము భార్య శారా చనిపోయింది. అతని దగ్గర ఆమెను పాతిపెట్టడానికి బెత్తెడు నేల లేదు. విశ్వాసులకు తండ్రి అనబడిన ఆయనే లేచి, హేతు సంతతివారైన ఆ అన్యుల ముందు నేల దాకా వంగాడు. ఒకసారి కాదు, మళ్ళీ వంగాడు. చచ్చినవారికి జాగా కోసం. ఆ అధ్యాయం నేను ఎన్నోసార్లు బిగ్గరగా చదివాను, ఆ నడుము మాత్రం చూడలేదు.

ఈ ఉదయం కటా చేశాను. వీపు వైపుగా తిరిగాను. పాదాలు గుంటల్లో పడ్డాయి. నా ఊపిరి ఆగింది, ఇంకో ఊపిరి ఆగలేదు. అది నాకు ఎదురుగా, అలసినవాడిదిలా, దగ్గరగా ఉంది. "నర్సప్పా, అయిపోయింది. ఇగ పోయి రా బిడ్డా" అన్నాను. వంగాను. నువ్వు చెప్పినట్టు కళ్ళు పూర్తిగా దించలేదు. ఎదురుగా చాప మీద రెండు పాదాల మేర అణిగి ఉన్న జమ్ముగడ్డి మెల్లగా లేచి సర్దుకుంది.

బావ ఎలా ఉన్నాడో రాయి.

మొగులప్ప


తాండూరు,
26 ఏప్రిల్ 1962

అన్నా,

మీ బావ చంద్రప్ప మంగళవారం పొద్దున పోయాడు. నువ్వు ఉత్తరం రాసిన నాడే. వాకిలి వైపు చూస్తూ ఉన్నాడు. బండ పోయిన నాటి నుంచి ఆడని ఎడమ చెయ్యి పట్టె మీద ఒకటే దెబ్బ కొట్టింది. తర్వాత దిండు మీది నుంచి తల ఎత్తి, ముందుకు వంచాడు. నేను పట్టుకునేలోగా అయిపోయింది. ముఖం పడుచువాడి ముఖంలా ఉంది.

ఎండలకు ఆగలేక నిన్ననే సమాధి చేశాం. నువ్వు లేని లోటు అందరూ అన్నారు. పెద్దేముల్ నుంచి మొగులమ్మ వచ్చింది. మట్టి వేశాక చెన్నయ్య కాళ్ళ దగ్గర కూర్చుని, "నా కొడుకుకు గూడ గా పక్కన ఇంత జాగ ఇయ్యుండ్రి" అని అడిగింది. చెన్నయ్య చెడ్డవాడు కాదు గాని, "శవం లేని మనిషికి సమాధి ఎట్ల ఇస్తమమ్మా? రేపు అందరడుగుతరు" అన్నాడు. పక్కన జాగా ఉంది. ముసలామె ఇంకా నా దగ్గరే ఉంది. అడుగుల సంగతి చెప్పాను, పొద్దున వాకిట్లో పొడి ఊడవనివ్వలేదు.

నీ చెల్లె


వికారాబాదు,
30 ఏప్రిల్ 1962

చెల్లెలు భాగమ్మకు, తల్లి మొగులమ్మకు,

గురువారం పాసింజరుకు వస్తున్నాను, బండతో. అది బావ తల దగ్గర ఉండాలి. రెండు పేర్లు చెక్కించాలి. ముందు చెన్నయ్య దగ్గరికి పోతాను. వాదించను, వాక్యం విసరను. అబ్రాహాము ఎట్లా అడిగాడో అట్లా అడుగుతాను. ఇయ్యకపోతే మళ్ళీ వంగుతాను. నా నడుముకు ఇప్పుడు అలవాటైంది.

కూలీల కోసం శివయ్యను పంపాను. అతను వచ్చేదాకా ఊరికే ఉండలేక, కొంచెం కదిలిద్దామని బండకు ఇవతలి కొస పట్టుకుని ఎత్తాను. అవతలి కొస కూడా లేచింది.

స్టేషను దాకా బరువు తెలియలేదు. నేను వెనక్కి తిరిగి చూడలేదు.

మొగులప్ప